గ్రీకులు, పాలస్తీనీయులు: ఓటు, ఓడ, చర్చి మాన్యం

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, శ్రమ తీసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం.

గ్రీకులకూ పాలస్తీనీయులకూ మధ్య దౌత్య సంబంధాల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, ఇంత చిన్న విషయానికి గంటసేపు సభ ఎందుకని మీలో కొందరు అనుకుని ఉంటారు. పాలస్తీనా అనగానే మనకు ఈజిప్టు, జోర్డాన్, అమెరికా గుర్తుకు వస్తాయి. గ్రీస్ అనగానే సోక్రటీసు దగ్గరో అలెగ్జాండరు దగ్గరో ఆగిపోతాం. ఇంటికి వెళ్ళాక ఒక్కసారి అట్లాసు తెరవండి. గ్రీసుకు తూర్పు కొసన, టర్కీ తీరానికి ఆనుకుని కాస్తెలోరిజో అనే చిన్న దీవి ఉంది. అక్కడి నుంచి గాజా తీరానికి స్కేలు పెట్టి గీత గీస్తే, సైప్రస్‌ను పక్కన వదిలేసి మొత్తం నీళ్ళ మీదుగానే వెళుతుంది. ఈ రెండు జాతులూ ఒకే సముద్రం పంచుకున్న ఇరుగుపొరుగు.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. పాలస్తీనా విషయంలో ఏథెన్సు ప్రభుత్వం తీసుకున్న పెద్ద నిర్ణయాల్లో చాలావాటిని తిరగేసి చూస్తే వెనుక వైపున టర్కీనో సైప్రస్సో కనిపిస్తాయి. గ్రీకులూ పాలస్తీనీయులూ తరతరాలుగా ఎదురెదురుగా కూర్చుని తగవులాడుకుంటున్న చోటు మాత్రం విదేశాంగ శాఖ కాదు, జెరూసలేంలోని ఒక చర్చి. ఈ రెండింటినీ వేరువేరుగా చదివితే రెండూ సగమే అర్థమవుతాయి.

1947 నవంబరు 29 నుంచి మొదలుపెడతాను. ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ అప్పుడు న్యూయార్కు శివారు ఫ్లషింగ్ మెడోలో, ఒకప్పటి ఎగ్జిబిషన్ భవనంలో సమావేశమయ్యేది. బ్రెజిల్ ప్రతినిధి ఓస్వాల్డో అరాన్యా అధ్యక్ష స్థానంలో ఉన్నారు. పాలస్తీనాను అరబ్బు రాజ్యంగా, యూదు రాజ్యంగా విభజించాలన్న 181వ తీర్మానం మీద ఒక్కొక్క దేశం పేరే పిలిచి ఓటు అడిగారు. అనుకూలంగా 33, వ్యతిరేకంగా 13, తటస్థంగా 10 ఓట్లు వచ్చాయి. ఆ పదమూడు పేర్లు విన్నారంటే ఈజిప్టు, ఇరాక్, సిరియా, లెబనాన్, సౌదీ అరేబియా, యెమెన్ అరబ్బు దేశాలు; అఫ్గానిస్తాన్, ఇరాన్, పాకిస్తాన్, టర్కీ ముస్లిం దేశాలు. మిగిలినవి మూడే. క్యూబా, భారతదేశం, గ్రీస్.

భారతదేశం ఎందుకు వ్యతిరేకించిందో మనకు తెలుసు. అప్పటికి మూడు నెలల ముందే సొంత నేల మీద విభజన అంటే ఏమిటో కళ్ళారా చూసిన దేశం అది; పైగా ఐక్యరాజ్యసమితి విచారణ సంఘంలో సభ్యురాలిగా ఉండి, ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి సమాఖ్య రాజ్యం అనే ప్రత్యామ్నాయాన్ని రాతపూర్వకంగా ముందు పెట్టింది. గ్రీసుకు అలాంటి కథ లేదు. నిజానికి నాలుగు రోజుల ముందు, నవంబరు 25న, ఇదే అంశం తాత్కాలిక సంఘంలో ఓటుకు వచ్చినప్పుడు గ్రీస్ తటస్థంగా ఉండిపోయింది. నాలుగు రోజుల్లో తటస్థం కాస్తా వ్యతిరేకం అయింది. అదీ ఏ పరిస్థితుల్లో? దేశంలో అంతర్యుద్ధం నడుస్తోంది. ఆ ఏడాది మార్చిలోనే అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ గ్రీసుకూ టర్కీకీ కలిపి 40 కోట్ల డాలర్ల సాయం కావాలని తమ కాంగ్రెసును అడిగారు, ఆ డబ్బు రావడం మొదలైంది. విభజనకు ఓటు వేయమని అమెరికా గట్టిగా కోరుతున్న రోజులవి. తిండిగింజల నుంచి తుపాకీ గుళ్ళ వరకూ అమెరికా పంపితేనే నిలిచే ప్రభుత్వం, ఆ అమెరికా మాటను నిండు సభలో కాదంది.

దీనికి రెండు కారణాలు చెబుతారు, రెండూ నిజమే. మొదటిది అలెగ్జాండ్రియా. ఈజిప్టులో, అందులోనూ అలెగ్జాండ్రియా, కైరోలలో, పత్తి వ్యాపారం దగ్గర నుంచి కిరాణా కొట్ల దాకా నడుపుకుంటున్న పెద్ద గ్రీకు సమాజం ఉండేది. అరబ్బు దేశాలకు కోపం తెప్పిస్తే ముందు నష్టపోయేది వాళ్ళే. రెండవది జెరూసలేంలోని గ్రీకు ఆర్థడాక్స్ పీఠం, దాని ఆస్తులు. వీటికి కొన్నేళ్ళలోనే మూడవ కారణం తోడైంది. గ్రీకులు ఎక్కువగా ఉండి, బ్రిటిషు ఏలుబడిలో ఉన్న సైప్రస్ ఎవరికి చెందాలన్న ప్రశ్నను 1954లో గ్రీస్ ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది. అక్కడ ఓట్లు కావాలి, అరబ్బు కూటమి చేతిలో ఓట్లున్నాయి. అందుకే ఇజ్రాయెల్‌ను 1949లో వాస్తవంగా ఉన్న రాజ్యంగా ఒప్పుకున్నా, పూర్తి చట్టబద్ధమైన గుర్తింపు ఇవ్వడానికి గ్రీస్ 1990 దాకా ఆగింది. ఏథెన్సులో ఇజ్రాయెల్ ప్రతినిధి ఉండేవాడు గానీ, రాయబారి అనే హోదా ఉండేది కాదు. నలభై ఏళ్ళ పాటు ఒక రాజ్యాన్ని గడపలో నిలబెట్టి, లోపలికి రమ్మనకుండా, వెళ్ళిపొమ్మనకుండా మాట్లాడటం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇక్కడ ఒక్క క్షణం వెనక్కి వెళతాను. గాజాలో నుసైరాత్ శిబిరం పేరు ఈ మధ్య మీరు వార్తల్లో వినే ఉంటారు. 1948లో ఇళ్ళు వదిలి వచ్చిన పాలస్తీనీయులు తలదాచుకున్న చోటు అది. వాళ్ళకంటే ముందు అదే చోట శరణార్థులుగా గుడారాల్లో ఉన్నది గ్రీకులు. రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మన్లు గ్రీసును ఆక్రమించాక, సామోస్, కియోస్ దీవుల నుంచి జనం పడవలెక్కి టర్కీ తీరానికి దాటి, అక్కడి నుంచి సిరియా మీదుగా దక్షిణానికి వచ్చారు. ఇందాక చెప్పిన కాస్తెలోరిజో దీవిని 1943లో బాంబుదాడుల మధ్య ఖాళీ చేయించి, జనాన్ని ముందు సైప్రస్‌కూ తరువాత గాజాకూ చేర్చారు. నుసైరాత్‌లో వాళ్ళకు బ్రిటిషు వారి, ఆ తరువాత ఐక్యరాజ్యసమితి సహాయ సంస్థ వారి పర్యవేక్షణలో రేషను అందింది. యుద్ధం ముగిశాక వాళ్ళు తమ దీవులకు తిరిగి వెళ్ళారు. మూడేళ్ళు తిరగకుండానే అదే ఇసుక నేల మీదికి పాలస్తీనీయులు వచ్చారు. వాళ్ళు ఇంకా తిరిగి వెళ్ళలేదు. గ్రీకు నాయకులు పాలస్తీనా గురించి మాట్లాడేటప్పుడు శరణార్థి బతుకు మాకూ తెలుసంటారు. 1922లో చిన్న ఆసియా, అంటే నేటి టర్కీ, నుంచి లక్షలాదిగా వచ్చిపడ్డ గ్రీకుల జ్ఞాపకం అందులో ఎలాగూ ఉంది. నుసైరాత్‌ను మాత్రం ఎందుకో తక్కువగా తలుచుకుంటారు.

స్నేహం ఒక్కటే చెబితే చరిత్ర పూర్తి కాదు. 1968 డిసెంబరు 26న ఏథెన్సు విమానాశ్రయంలో పాలస్తీనా సాయుధ సంస్థకు చెందిన ఇద్దరు ఇజ్రాయెల్ విమానం మీద దాడి చేసి ఒక ప్రయాణికుణ్ణి చంపారు. గ్రీకు కోర్టు వాళ్ళకు శిక్ష వేసిన కొద్ది నెలలకే, 1970 జులైలో గ్రీకు విమాన సంస్థ ఒలింపిక్ వారి విమానాన్ని హైజాక్ చేసి వాళ్ళను విడిపించే ఒప్పందం రాబట్టారు. 1973 ఆగస్టులో అదే విమానాశ్రయం లాంజిలో కాల్పులు జరిగి ప్రయాణికులు చనిపోయారు. 1976 జూన్ 27న ఉగాండాలోని ఎంటెబ్బెకు మళ్ళించిన ఫ్రెంచి విమానాన్ని హైజాకర్లు ఎక్కింది ఏథెన్సులోనే. 1988 జులైలో సిటీ ఆఫ్ పోరోస్ అనే విహార నౌక మీద జరిగిన దాడిలో తొమ్మిది మంది మరణించారు. ఆ దాడి పాలస్తీనా విమోచన సంస్థ నాయకుడు అరాఫత్‌కు బద్ధశత్రువైన అబూ నిదాల్ ముఠా పనిగా చెబుతారు. పర్యాటకుల మీద బతికే దేశానికి ఇవి చిన్న దెబ్బలు కావు. అయినా ప్రభుత్వాలు అరబ్బు పక్షం వదలలేదు. ఎందుకంటే 1974లో టర్కీ సైన్యం సైప్రస్‌లో దిగింది. ఆ తరువాత గ్రీసులో అధికారంలోకి ఎవరు వచ్చినా ముందు చూసుకున్నది అంకారా వైపు, ఆ తరువాతే మిగతా ప్రపంచం.

ఇక 1981. అక్టోబరు 18న ఆండ్రియాస్ పపాండ్రేయూ నాయకత్వంలో సోషలిస్టులు గెలిచారు. డిసెంబరులో యాసర్ అరాఫత్ ఏథెన్సు వచ్చారు, పాలస్తీనా విమోచన సంస్థ కార్యాలయానికి పూర్తి దౌత్య హోదా దక్కింది. భారతదేశం అదే పని 1980 మార్చిలో చేసింది. అప్పటి మన విదేశాంగ మంత్రి ఎవరో ఈ సభలో చెప్పనక్కర లేదు, వంగర పి.వి. నరసింహారావు గారు. ఆ పేరు మళ్ళీ వస్తుంది, గుర్తు పెట్టుకోండి.

1982 వేసవిలో ఇజ్రాయెల్ సైన్యం బీరూటును ముట్టడించింది. రెండు నెలలకు పైగా బాంబుల వర్షం కురిశాక, అమెరికా దూత ఫిలిప్ హబీబ్ కుదిర్చిన ఒప్పందం ప్రకారం పాలస్తీనా యోధులు ఓడలెక్కి వెళ్ళిపోవడం మొదలైంది. ఆగస్టు 30న అరాఫత్ వంతు వచ్చింది. రేవులో ఆయన కోసం సిద్ధంగా ఉన్నది గ్రీకు జెండా ఎగరేసిన అట్లాంటిస్ అనే ఓడ. సెప్టెంబరు 1న అది ఏథెన్సు రేవుకు చేరింది. పపాండ్రేయూ స్వయంగా వచ్చి ఎదుర్కొన్నారు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఓడిపోయి, ఊరు విడిచి, ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకోవలసిన రోజున అరాఫత్ మొదట కాలు పెట్టడానికి ఎంచుకున్నది ఒక అరబ్బు దేశం కాదు. ముట్టడి సాగినన్నాళ్ళూ అరబ్బు రాజులూ అధ్యక్షులూ చేతులు ముడుచుకు కూర్చున్నారన్న నిష్ఠూరాన్ని ఆయన నోటితో అనకుండా ఓడ దిశతో అన్నారని అప్పట్లో అందరూ అర్థం చేసుకున్నారు. ఏథెన్సులో కొద్ది కాలం గడిపి ట్యూనిస్ వెళ్ళారు.

ఏడాది తిరిగాక మళ్ళీ అదే దృశ్యం, ఈసారి మరింత చేదుగా. అరాఫత్ ఉత్తర లెబనాన్‌లోని ట్రిపోలిలో చిక్కుకున్నారు. ముట్టడించింది సిరియా అండ ఉన్న పాలస్తీనీయులే. సముద్రం వైపు నుంచి ఇజ్రాయెల్ పడవలు గుళ్ళు కురిపిస్తున్నాయి. 1983 డిసెంబరు 20న ఐదు గ్రీకు ఓడలు ఐక్యరాజ్యసమితి పతాకాలు కట్టుకుని రేవులోకి వచ్చాయి. ఫ్రెంచి యుద్ధనౌకలు కాపలా కాశాయి. సుమారు నాలుగు వేల మంది ఎక్కారు. అరాఫత్ ఎక్కిన ఓడ పేరు ఒడిసియస్ ఎలిటిస్. అది 1979లో నోబెల్ బహుమతి పొందిన గ్రీకు కవి పేరు. ఇల్లు లేక సముద్రం మీద తిరిగే నాయకుడు, ఇల్లు చేరలేక సముద్రం మీద తిరిగిన గ్రీకు పురాణ వీరుడు ఒడిసియస్ పేరున్న ఓడ ఎక్కడం కవులకు మంచి వస్తువు, నేను దాని జోలికి పోను. దౌత్యం చదివేవాళ్ళకు ముఖ్యమైనది ఆ ఓడ సూయెజ్ కాలువ దారిన వెళ్ళడం, రెండు రోజుల తరువాత అరాఫత్ ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్‌ను కలవడం. ఇజ్రాయెల్‌తో సంధి చేసుకుందని అరబ్బు ప్రపంచం వెలివేసిన ఈజిప్టు తలుపు అలా గ్రీకు ఓడ మీద నుంచి తెరుచుకుంది.

గ్రీకు ఓడ అంటున్నానే గానీ, ఓడ వేరు, ఓడ యజమాని వేరు, ప్రభుత్వం వేరు. ఈ తేడా 1988 ఫిబ్రవరిలో బయటపడింది. ఇజ్రాయెల్ దేశబహిష్కరణ చేసిన వంద మందికి పైగా పాలస్తీనీయులను ఓడలో హైఫా రేవుకు తీసుకెళ్ళాలని పాలస్తీనా విమోచన సంస్థ తలపెట్టింది. ప్రయాణికులు, విలేఖరులు ఏథెన్సు హోటళ్ళలో రోజుల తరబడి కాచుకుని కూర్చున్నారు. అద్దెకు ఇస్తామన్న ఓడ యజమానులు ఒక్కొక్కరే వెనక్కి తగ్గారు. చివరికి సంస్థే సోల్ ఫ్రైనీ అనే ఓడ కొని, తిరుగురాక అనే అర్థం వచ్చేలా అల్ అవ్దా అని పేరు పెట్టుకుంది. ఫిబ్రవరి 15న సైప్రస్‌లోని లిమసోల్ రేవులో అది కదలకముందే దాని అడుగుకు అంటించిన బాంబు పేలింది. అంతకు ముందు రోజే ఆ ఏర్పాట్లు చూస్తున్న ముగ్గురు పాలస్తీనా అధికారులు అదే ఊళ్ళో కారు బాంబుకు బలయ్యారు. ఏథెన్సులో ఎదురుచూసిన వాళ్ళు సంచులు సర్దుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు.

1990 ఏప్రిల్ ఎన్నికల్లో కాన్‌స్టాంటినోస్ మిత్సోటాకిస్ గెలిచారు, మే నెలలో గ్రీస్ ఇజ్రాయెల్‌కు పూర్తి గుర్తింపు ఇచ్చింది. ఐరోపా సమాజంలో సభ్యదేశమై ఉండి ఆ గుర్తింపు అన్నాళ్ళూ ఇవ్వనిది గ్రీస్ ఒక్కటే మిగిలింది. 1992 జనవరి 29న భారతదేశం ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు నెలకొల్పింది. ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు గారు. ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందే అరాఫత్ ఢిల్లీ వచ్చి వెళ్ళారు. పాలస్తీనాకు హోదా ఇచ్చినప్పుడు విదేశాంగ శాఖలో ఉన్న మనిషే ఇజ్రాయెల్‌కు తలుపు తీసినప్పుడు ప్రధాని పదవిలో ఉన్నారు. ఇది మాట తప్పడం అని కొందరన్నారు. నేనలా అనుకోను. ఒకరితో మాట్లాడటానికి ఇంకొకరితో మాట మానేయాలన్న షరతుకు కాలం చెల్లిందని ఆయన గ్రహించారు, అంతకు రెండేళ్ళ ముందు ఏథెన్సు గ్రహించినట్లే.

ఇప్పుడు చర్చి దగ్గరికి వస్తాను. ఇది కొంచెం నిదానంగా చెప్పాలి.

జెరూసలేం పాత నగరంలో క్రైస్తవుల వాడలో నడుస్తుంటే చాలా గుమ్మాల మీద రాతిలో చెక్కిన ఒక గుర్తు కనిపిస్తుంది. టౌ, ఫీ అనే రెండు గ్రీకు అక్షరాలను ఒకదానిలో ఒకటి పెనవేసి చెక్కారు. సమాధి అనే అర్థం ఇచ్చే తాఫోస్ అనే మాటకు అది పొట్టిగుర్తు. ఏసుక్రీస్తు సమాధిని కాపాడే గ్రీకు సన్యాసుల సోదరసంఘం ముద్ర అది. ఆ ముద్ర ఉన్న గుమ్మం వెనుక ఇల్లు గానీ దుకాణం గానీ ఉంటే, అందులో ఉండేది పాలస్తీనా కుటుంబమే కావచ్చు, ఆస్తి మాత్రం గ్రీకు ఆర్థడాక్స్ పీఠానిది. 16వ శతాబ్దం నుంచి ఆ పీఠాధిపతులు, అంటే పాత్రియార్కులు, గ్రీకులే. పై స్థాయి మతగురువులూ దాదాపు గ్రీకులే. చర్చికి వచ్చి మోకరిల్లే జనం మాత్రం అరబ్బులు. అరబ్బీలో ప్రార్థించే పాలస్తీనా, జోర్డాన్ క్రైస్తవులు. సిరియాలోని అంతియొకయ పీఠాన్ని అక్కడి అరబ్బు విశ్వాసులు 1899లో తమ చేతిలోకి తెచ్చుకున్నారు. జెరూసలేంలో అది జరగలేదు.

1908లో ఒట్టోమన్ సామ్రాజ్యంలో రాజ్యాంగం మళ్ళీ అమల్లోకి రాగానే పాలస్తీనా ఆర్థడాక్స్ క్రైస్తవులు మా చర్చి పాలనలో, ఆదాయంలో మాకూ పాలు కావాలని కదిలారు. 1911లో యాఫాలో ఈసా అల్ ఈసా బంధువుతో కలిసి ఫలస్తీన్ అనే పత్రిక స్థాపించారు. ఆ దేశానికి ఆ పేరు జనం నోట నిలబడటంలో ఆ పత్రిక పాత్ర పెద్దది. దాని తొలి పోరాటాల్లో ఒకటి గ్రీకు మతగురువుల పెత్తనం మీద. పాలస్తీనా జాతీయ భావన గురించి చదివేటప్పుడు మనం బ్రిటిషు వారినీ జియోనిస్టు ఉద్యమాన్నీ తలుచుకుంటాం. ఆ భావనకు కొంత పదును పెట్టింది ఒక గుడి గొడవ అని మరిచిపోతాం.

ఆ గొడవకు మూలం భూమి. దేవుడి మాన్యం ఎవరిది, అర్చకుడిదా, ధర్మకర్తదా, ఊరిదా అన్న తగాదా తెలుగు గ్రామాల్లో పుట్టి పెరిగిన వాళ్ళకు కొత్తగా వివరించనక్కర లేదు. జెరూసలేం పీఠం ఆ ప్రాంతంలో ప్రభుత్వం తరువాత అతి పెద్ద భూస్వాముల్లో ఒకటి. ఇజ్రాయెల్ పార్లమెంటు భవనం నిలబడ్డ నేల కూడా పీఠానిదే. 1950ల తొలినాళ్ళలో పశ్చిమ జెరూసలేంలోని విశాలమైన భూములను పీఠం 99 ఏళ్ళ కౌలుకు ఇచ్చింది. గ్రీకు సన్యాసులకు అది ఆదాయం. పాలస్తీనా విశ్వాసికి అది తాతలు దేవుడికి రాసిచ్చిన నేల చేయి దాటిపోవడం.

2005లో ఈ నిప్పు రాజుకుంది. పాత నగరంలో యాఫా ద్వారం పక్కనే ఇంపీరియల్, పెట్రా అనే రెండు పాత హోటళ్ళు ఉన్నాయి. ద్వారం దాటి లోపలికి అడుగు పెట్టగానే ఎడమచేతి వైపు కనిపిస్తాయి. వాటిని దీర్ఘకాలం కౌలుకు రహస్యంగా ఒక యూదు సెటిలర్ల సంస్థ, అంటే పాలస్తీనీయులు ఉండే చోట్ల యూదులను స్థిరపరిచే సంస్థ, తరఫు కంపెనీలకు ఇచ్చేశారని ఇజ్రాయెల్ పత్రిక ఒకటి బయటపెట్టింది. పీఠాధిపతి ఐరేనియోస్ తనకు తెలియకుండా జరిగిందన్నారు. పాలస్తీనా విశ్వాసులు వీధుల్లోకి వచ్చారు. పీఠం సభ ఆయన్ను తొలగించింది, ఇస్తాంబుల్‌లో కూడిన ఆర్థడాక్స్ పెద్దలు ఆ తొలగింపును ఒప్పుకున్నారు, ఆగస్టులో థియోఫిలోస్ ఎన్నికయ్యారు.

దౌత్యం అసలు రంగు ఇక్కడే కనిపిస్తుంది. ఎన్నికైనంత మాత్రాన పీఠాధిపతి పీఠం ఎక్కలేడు. జోర్డాన్, పాలస్తీనీయుల స్వపరిపాలన ప్రభుత్వమైన పాలస్తీనా ప్రాధికార సంస్థ, ఇజ్రాయెల్, ఈ ముగ్గురి గుర్తింపూ కావాలి. మొదటి ఇద్దరూ 2005లోనే ఇచ్చారు. ఇజ్రాయెల్ 2007 డిసెంబరు దాకా ఇవ్వలేదు. అప్పటిదాకా కాగితాల మీద వాళ్ళకు పాత పీఠాధిపతే పీఠాధిపతి. గ్రీసులో పుట్టి, జోర్డాన్ చట్టం ప్రకారం జోర్డాన్ పౌరసత్వం తీసుకుని, రమల్లాలోని ఆ ప్రాధికార సంస్థ మెప్పు పొంది, ఇజ్రాయెల్ బ్యాంకుల్లో సంతకం చెల్లుబాటు కోసం రెండేళ్ళు ఎదురుచూసిన మతగురువు స్థితి ఊహించండి. హోటళ్ళ కౌలును రద్దు చేయించడానికి థియోఫిలోస్ కోర్టుకెక్కారు. 2019లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టు ఆ ఒప్పందం చెల్లుతుందని తీర్పు చెప్పింది. 2022లో సెటిలర్లు పెట్రా హోటలు భవనంలో ఒక భాగంలోకి చొరబడ్డారు. ఆ తగాదాలో గ్రీకు పీఠాధిపతీ, పాలస్తీనా విశ్వాసులూ ఒకే పక్షాన నిలబడ్డారు. ఇతర భూముల అమ్మకాల విషయంలో అదే విశ్వాసులు ఆయన రాకను అడ్డుకుంటూ నినాదాలు చేశారు. రెండూ ఒకే మనిషి విషయంలో, కొన్నేళ్ళ తేడాలో.

గ్రీకు ప్రభుత్వం ఈ పీఠాన్ని తమ జాతి వారసత్వంగా చూస్తుంది. కాబట్టి పాలస్తీనీయులకు సంబంధించి ఏ మాట అనాలన్నా, పీఠం ఆస్తులు ఇజ్రాయెల్ చేతిలోని నేల మీద, పీఠం జనం పాలస్తీనాలో అన్న సంగతి ఏథెన్సు మనసులో ఉంటుంది.

2010 తరువాత కథ వేగంగా నడిచింది. ఆ ఏడాది మే 31న, ఇజ్రాయెల్ దిగ్బంధాన్ని దాటి సాయం చేర్చాలని గాజాకు బయలుదేరిన నౌకల మీద ఇజ్రాయెల్ కమాండోలు దాడి చేసి, టర్కీ వారి మావి మర్మరా మీద తొమ్మిది మందిని చంపారు. ఆ నౌకల్లో గ్రీకు కార్యకర్తల ఓడలూ ఉన్నాయి. టర్కీ, ఇజ్రాయెల్ మధ్య స్నేహం తెగింది. తెగిన తాడు కొసను గ్రీస్ అందుకుంది. జులైలో ప్రధాని జార్జ్ పపాండ్రేయూ ఇజ్రాయెల్ వెళ్ళారు, ఆగస్టులో ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు ఏథెన్సు వచ్చారు. ఏడాది తిరిగేసరికి, 2011 జులై 1న, గ్రీకు రేవుల నుంచి గాజాకు ఏ ఓడా బయలుదేరకూడదని ఆజ్ఞ వెలువడింది. అమెరికన్ కార్యకర్తల ఓడ ఒకటి ధిక్కరించి కదిలితే, తీరరక్షక దళం సాయుధులతో అడ్డుకుని వెనక్కి తెచ్చింది. ఆ సరుకును ఐక్యరాజ్యసమితి సహకారంతో మేమే చేరుస్తామని గ్రీస్ ప్రతిపాదించింది గానీ, నిర్వాహకులు ఒప్పుకోలేదు. 1982లో అరాఫత్‌ను రేవులో ఎదుర్కొన్న ఆండ్రియాస్ కొడుకే ఈ జార్జ్. అయ్య తెరిచిన రేవును కొడుకు మూశాడని ఎగతాళి చేయడం తేలిక. గ్రీస్ అప్పుల సంక్షోభంలో చిక్కి, అప్పులిచ్చిన వాళ్ళు గుమ్మం ముందు కూర్చున్న వేళ, తూర్పు మధ్యధరాలో గ్యాసు నిక్షేపాలు బయటపడుతున్న వేళ, టర్కీకి ఎదురుగా ఒక బలమైన నేస్తం దొరికితే ఏథెన్సులో ఏ ప్రధాని కాదంటాడు?

వామపక్షం వస్తే మారుతుందనుకున్నారు. 2015లో అలెక్సిస్ సిప్రాస్ ప్రధానిగా వచ్చారు. నవంబరులో ఇజ్రాయెల్ వెళ్ళి, అధ్యక్ష భవనంలోని అతిథుల పుస్తకంలో జెరూసలేంను మీ చారిత్రక రాజధాని అని రాసి వచ్చారు. నెల తిరగకుండానే, డిసెంబరు 22న, పాలస్తీనా అధ్యక్షుడు మహమూద్ అబ్బాస్ సభలో కూర్చుని చూస్తుండగా, గ్రీకు పార్లమెంటు పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాలని ప్రభుత్వాన్ని కోరుతూ ఏకగ్రీవంగా తీర్మానించింది. అధికారిక పత్రాల్లో పాలస్తీనా ప్రాధికార సంస్థ అని కాక పాలస్తీనా అనే రాస్తామన్నారు. ప్రభుత్వం కట్టుబడవలసిన తీర్మానం కాదది. కట్టుబడలేదు కూడా. మరుసటి నెలలోనే నికోసియాలో గ్రీస్, సైప్రస్, ఇజ్రాయెల్ అధినేతల తొలి త్రైపాక్షిక సమావేశం జరిగింది, సిప్రాస్ అందులో కూర్చున్నారు.

ఐక్యరాజ్యసమితిలో ఓట్లు చూస్తే మరో ముఖం. 2011లో పాలస్తీనా యునెస్కో సభ్యత్వానికి, 2012 నవంబరు 29న పరిశీలక రాజ్య హోదాకు గ్రీస్ అనుకూలంగా ఓటు వేసింది. 2017 డిసెంబరులో జెరూసలేంను ఇజ్రాయెల్ రాజధానిగా గుర్తించిన అమెరికా అధ్యక్షుడు ట్రంప్ నిర్ణయాన్ని తప్పుబట్టిన తీర్మానానికీ అంతే. 2023 అక్టోబరు 27న గాజాలో కాల్పుల విరామం కోరిన తీర్మానం మీద తటస్థంగా ఉంది, భారతదేశం కూడా. డిసెంబరు 12న రెండూ అనుకూలంగా మారాయి. 2024 సెప్టెంబరు 18న మాత్రం దారులు విడిపోయాయి. ఆక్రమణను ఏడాదిలోగా ముగించాలన్న తీర్మానానికి గ్రీస్ అవునంది, భారతదేశం తటస్థంగా ఉండిపోయింది. 1947లో ఒకే వరుసలో ఉన్న రెండు దేశాల్లో ఇజ్రాయెల్‌తో సైనిక ఒప్పందాలు రెంటికీ ఉన్నాయి. గ్రీస్ తన వైమానిక శిక్షణ కేంద్రాన్నే కలమాటాలో ఇజ్రాయెల్ కంపెనీకి అప్పగించింది. అయినా ఓటు దగ్గర తడబాటు తక్కువ.

గుర్తింపు దగ్గర మాత్రం ఆ తడబాటు పోలేదు. 2024 మేలో స్పెయిన్, ఐర్లండ్, నార్వే పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించాయి. 2025 సెప్టెంబరులో బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా, పోర్చుగల్, ఆ వెంటనే ఫ్రాన్స్ గుర్తించాయి. సైప్రస్ 1988లోనే గుర్తించింది. ఆ జాబితాలో గ్రీస్ చేరలేదు. తండ్రి ఇజ్రాయెల్‌ను గుర్తించిన మిత్సోటాకిస్ అయితే, కొడుకు కిరియాకోస్ మిత్సోటాకిస్ పాలస్తీనాను తగిన సమయంలో గుర్తిస్తామని చెబుతున్న ప్రధాని. ఆ తగిన సమయం ఏమిటో గ్రీకు వీధులకు అర్థం కావడం లేదు. 2025 జులైలో సీరోస్ దీవి జనం రేవులో నిలబడితే, ఇజ్రాయెల్ పర్యాటకులతో వచ్చిన క్రౌన్ ఐరిస్ నౌక వాళ్ళను దించకుండానే వెళ్ళిపోయింది. పిరేయస్ రేవు కూలీలు ఇజ్రాయెల్‌కు వెళ్ళే ఆయుధాల సరుకు ఎక్కించేది లేదని అడ్డం తిరిగారు. ప్రభుత్వం అలాంటి చర్యలను తప్పుబట్టింది, ప్రతిపక్షాలు వెనకేసుకొచ్చాయి.

చివరగా గాజా నగరంలోని ఒక చర్చి. దాని పేరు సెయింట్ పోర్ఫిరియస్. 4వ శతాబ్దంలో గ్రీసులోని థెస్సలోనికీలో పుట్టి, గాజాకు బిషప్‌గా వచ్చి, అక్కడే కన్నుమూసిన పోర్ఫిరియస్ పేరు మీద వెలసింది. ఆయన సమాధి ఆ చర్చిలోనే ఉందని అక్కడి వారు చూపిస్తారు. ఆ చర్చి జెరూసలేం గ్రీకు పీఠం కిందిది, అందులో ప్రార్థించేది గాజా క్రైస్తవ కుటుంబాలు. 2023 అక్టోబరు 19 రాత్రి ఆ ప్రాంగణంలో తలదాచుకున్న జనం మీద, పక్క భవనం ఇజ్రాయెల్ దాడిలో కూలింది. పదిహేను మందికి పైగా చనిపోయారు. 2025 జులై 17న అదే నగరంలోని కాథలిక్ చర్చికి దెబ్బ తగిలి ముగ్గురు మరణించిన మరునాడు, థియోఫిలోస్ కాథలిక్ పీఠాధిపతి పిజ్జబల్లాతో కలిసి గాజాలో అడుగు పెట్టారు. విదేశాంగ మంత్రులకు, రాయబారులకు, విలేఖరులకు తెరుచుకోని సరిహద్దు ఆ రోజు నల్ల అంగీ తొడిగిన డెబ్బై దాటిన గ్రీకు సన్యాసికి తెరుచుకుంది. ఆయన భూములు అమ్మాడని ఒకప్పుడు నినాదాలు చేసిన సమాజపు బిడ్డలే ఆయన చేయి ముద్దాడి లోపలికి తీసుకెళ్ళారు.

ఇంతసేపు ఓపికగా విన్నందుకు కృతజ్ఞతలు. ప్రశ్నలుంటే అడగండి.